ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదు, నిజమే. కుక్కకి మాత్రం కీడే. మధ్యలో ఆకుకూర మీద నింద దేనికండి?

పోస్టు కొంచెం పెద్దది. ఓపిక ఉన్నవాళ్ళు చివరి దాకా చదవండి. కోపం వచ్చినవాళ్ళు కూడా చివరి దాకా చదివి, అప్పుడు తిట్టండి.

విషయం ఏంటంటే, కుక్కకి మన ఇంట్లో వండిన ఆకుకూరలు పెట్టొచ్చా, పెట్టకూడదా అని. "ధాన్యం రేటు గురించి రాయవయ్యా, కుక్క తిండి గురించి ఏంటి" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి ముందే జవాబు చెప్తున్నా. కొల్లేరు చుట్టూ ఎన్ని చేపల చెరువులు ఉన్నాయో మీకు తెలుసు. చాలా గట్ల మీద రాత్రంతా మెలకువగా ఉండేది ఒక మనిషి, ఒక కుక్క. పాము వచ్చినా, దొంగ వచ్చినా, చేను మీద పందులు పడినా ముందు అరిచేది కుక్కే. అది జీతం అడగదు, అడ్వాన్సు అడగదు. అడిగేది ఒక ముద్ద. ఆ ముద్దలో ఏముందో చూసుకోవడం రైతు పనేనండి.

ఈ విషయంలో రెండు రకాల మాటలు వింటున్నాను. రెండూ నాకు నచ్చలేదు.

మొదటి రకం: "మా తాతల కాలం నుంచి కుక్కలు మనం తిని మిగిల్చిందే తిన్నాయి. గోంగూర పప్పు, తోటకూర పులుసు, ఆఖరికి ఆవకాయ అన్నం కూడా తిన్నాయి. ఏమీ కాలేదు."

రెండో రకం: "ఆకుకూర కుక్కకి విషం. అన్నం కూడా అరగదు. ప్యాకెట్ మేత తప్ప ఏమీ పెట్టకూడదు."

మొదటి వాళ్ళని ఒకటే అడుగుతాను. ఏమీ కాలేదని మీకెలా తెలుసు? మన ఊళ్ళో కుక్క చచ్చిపోతే ఎందుకు చచ్చిందని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? "ఎండదెబ్బ", "ఎవడో మందు పెట్టాడు", "దానికి కాలం తీరింది" అని గోతిలో పెట్టేస్తాం. బతికి ఉన్న కుక్కల్ని చూపించి ఏమీ కాలేదంటే ఎలాగండి? చచ్చినవాటిని లెక్క పెట్టినవాడు లేడు. చేలో బతికిన మొక్కల్ని మాత్రమే లెక్కపెట్టి మా విత్తనం నూటికి నూరు మొలిచింది అంటే మీరు ఒప్పుకుంటారా?

రెండో వాళ్ళకి కూడా చెప్తున్నా. కుక్క తోడేలు కాదు. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఒక పరిశోధన వేశారు. పిండి పదార్థం అరిగించుకునే శక్తి తోడేలు కంటే కుక్కకి చాలా ఎక్కువ ఉందని, వేల ఏళ్ళు మనిషి పక్కన బతికి, మనిషి తిండి తిని అది అలా మారిందని అందులో తేల్చారు. కాబట్టి ఉడికిన అన్నం దానికి అరుగుతుంది. ఉడికించి మెత్తగా మెదిపిన ఆకుకూర కూడా కొంచెం అయితే అరుగుతుంది. ప్యాకెట్ కొనగలిగినవాళ్ళు కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. చెరువు మీద నెల జీతానికి కాపలా ఉన్న మనిషి తన తిండే లెక్క చూసుకుని తింటాడు. ఆయనకి ప్యాకెట్ కొను అని చెప్పడం సలహా కాదండి, వెక్కిరింత.

మరి అసలు దోషం ఎక్కడుంది? ఆకులో కాదు. ఆకుతో పాటు గిన్నెలో మనం ఏం వేశామో అందులో ఉంది.

మొదటిది ఉల్లిపాయ, వెల్లుల్లి. ఈ జాతి గడ్డల్లో గంధకం కలిసిన పదార్థాలు ఉంటాయి. ఘాటు, వాసన వాటి వల్లే వస్తాయి. మనం తింటే మన ఒళ్ళు వాటిని తట్టుకుంటుంది. కుక్క నెత్తుటిలో ఎర్రకణాలకి ఆ శక్తి తక్కువ. ఆ పదార్థాలు లోపలికి వెళ్ళి ఎర్రకణాలని పాడు చేస్తాయి. పాడైన కణాలు పగిలిపోతాయి. ఒంట్లో నెత్తురు ఉంటుంది గానీ ఊపిరి మోసే సత్తువ ఉండదు. శరీరం బరువులో అర శాతం దాటి ఒకేసారి ఉల్లి తింటే విషం లక్షణాలు వస్తాయని పశువైద్య పుస్తకాల్లో ఉంది. లెక్క మీరే వేయండి. 15 కిలోల ఊరకుక్కకి 75 గ్రాములు, అంటే మధ్యరకం ఉల్లిపాయ ఒకటి. ఇంట్లో పెంచుకునే 5 కిలోల చిన్న కుక్కకి 25 గ్రాములు చాలు. ఒక్కసారే అంత తినాలని కూడా లేదు. కొంచెం కొంచెంగా రోజూ పడినా నష్టం పోగవుతుంది. వెల్లుల్లి ఇంకా ఘాటు. పిల్లులకి ఈ రెండూ కుక్కల కంటే ఎక్కువ ప్రమాదం.

"ఉడికిస్తే పోతుంది కదా" అంటారు. పోదండి. పచ్చిది, ఉడికింది, వేయించింది, ఎండబెట్టి పొడి చేసింది, అన్నీ ఒకటే. పైన కనపడే ఉల్లి ముక్కలు ఏరేసి పెట్టినా లాభం లేదు, దాని సారం అప్పటికే కూరలో దిగిపోయి ఉంటుంది.

రెండోది చింతపండు. ఇది మన ఆంధ్రావాళ్ళు తప్పకుండా వినాల్సిన మాట. ద్రాక్ష, ఎండుద్రాక్ష తింటే కుక్క కిడ్నీలు పాడవుతాయని చాలా కాలంగా తెలుసు, ఎందుకో తెలియలేదు. 2021లో అమెరికాలో జంతువుల విషాల మీద పనిచేసే కేంద్రం డాక్టర్లు, దానికి కారణం టార్టారిక్ ఆమ్లం అయి ఉంటుందని ప్రతిపాదించారు. ఆ తర్వాత చింతపండు తిని కిడ్నీ దెబ్బతిన్న కుక్కల కేసులు కూడా బయటపెట్టారు. చింతపండు పులుపులో ఎక్కువ భాగం ఆ ఆమ్లమే మరి. మన తోటకూర పులుసు, బచ్చలి పులుసు, పప్పుచారు గుర్తు తెచ్చుకోండి. పులుసు అడుగు మిగిలితే కుక్క గిన్నెలో వంచే అలవాటు ఎన్ని ఇళ్ళల్లో ఉందో మీకే తెలుసు.

మూడోది ఉప్పు, కారం, నూనె. గోంగూరలో ఎండురొయ్యలు వేసి వండితే మన పశ్చిమ గోదావరి వాళ్ళకి పండగే. కానీ ఎండురొయ్యల ఉప్పు, పైన మనం వేసిన ఉప్పు కలిస్తే కుక్కకి అది చాలా ఎక్కువ. గోంగూర పచ్చడి అయితే అసలు చెప్పక్కర్లేదు.

ఇక ఆకు సంగతి. ఆకుకూర పండించేవాడిని కాబట్టి దాని తప్పు కూడా దాచను. పాలకూర, తోటకూర, బచ్చలి, చుక్కకూరల్లో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒక చెంచా రెండు చెంచాలు తింటే ఏమీ కాదు. మూత్రంలో రాళ్ళు ఉన్న కుక్కకి, కిడ్నీ జబ్బు ఉన్న కుక్కకి అస్సలు పెట్టకండి. ఉడికించి ఆ నీళ్ళు వంచేస్తే ఆక్సలేట్ కొంత పోతుంది. గోంగూర, చుక్కకూర పుల్లటివి, అవి మనకే ఉంచుకుందాం. కుక్కకి వాటితో పనిలేదు. ఇంకో మాట, మందు కొట్టిన మడిలో గడువు తీరకముందు కోసిన ఆకు మనిషికీ మంచిది కాదు, కుక్కకీ మంచిది కాదు. దానికి కుక్క ఏం చేస్తుంది, ఆకు ఏం చేస్తుంది, పండించే మనమే చూసుకోవాలి.

ఇదంతా పుస్తకం కబుర్లు అనుకుంటారేమో. ఆ మధ్య మాకు దగ్గర్లో ఒక చెరువు మీద కాపలా కుక్క పోయింది. పక్క ఊళ్ళో పెళ్ళి భోజనాలు అయ్యాక మిగిలింది తెచ్చి రెండు రోజులు పెట్టారు. గోంగూర, పలావు, ఉల్లిపాయ పెరుగు చట్నీ, అన్నీ కలిసిన అన్నం. మొదటి రోజు బాగానే ఉంది. మూడో రోజు లేవలేదు. చిగుళ్ళు పాలిపోయాయి, మూత్రం కాఫీ రంగులో పోసింది. అందరూ పిడుదుల జ్వరం అన్నారు. అనడంలో తప్పులేదు, పిడుదుల జ్వరంలో కూడా మూత్రం అలాగే వస్తుంది. డాక్టరు గారు నెత్తుటి చుక్క తీసి చూస్తే జ్వరం పురుగు లేదు, ఎర్రకణాలు పాడై ఉన్నాయి. "ఏం తింది?" అని అడిగారు. అప్పటికే ఆలస్యం అయిపోయింది. ఆ కాపలా మనిషి రెండు రోజులు అన్నం ముట్టలేదు. రాత్రిళ్ళు ఆయనకి మాట్లాడటానికి ఉన్నది అదొక్కటే అండి.

చూశారా, తిన్న రోజు ఏమీ కాదు. ఒకటి నుంచి నాలుగైదు రోజుల తర్వాత బయటపడుతుంది. అందుకే మన తాతలకి ఉల్లి మీద అనుమానం రాలేదు. విషం తిన్న వెంటనే గిలగిలా కొట్టుకుంటేనే విషం అనుకుంటాం మనం. మూడు రోజులాగి వచ్చే విషానికి మనం ఎండదెబ్బ అని పేరు పెట్టాం.

ఇప్పుడు ఆకుకూర మీద నింద సంగతి. ఆ కుక్క పోయాక ఊళ్ళో మాట ఏమయిందో తెలుసా? "గోంగూర పడలేదు" అని. ఉల్లిపాయ పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఉల్లి మన దగ్గర దేవుడితో సమానం. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు చూడనివాళ్ళు ఈ చుట్టుపక్కల ఉండరు. కర్నూలు సరుకు, మహారాష్ట్ర సరుకు లారీల మీద దిగుతుంది. ఉల్లి మీద నాకు పగ లేదు, నాకూ ఉల్లి లేందే ముద్ద దిగదు. కానీ రేటు పడిపోయినప్పుడు కుళ్ళిన ఉల్లి గుట్టలు పోస్తే, "ఎందుకు పారేయడం" అని ఆవులకి, గేదెలకి తోలేవాళ్ళు ఉన్నారు. గొర్రెలు, మేకలు కొంత తట్టుకుంటాయి. ఆవుజాతి పశువులు తట్టుకోలేవు, కుక్క కంటే కూడా వాటికి ప్రమాదం ఎక్కువ. కుక్క పేరు చెప్పి ఈ పోస్టు రాశాను గానీ పాడి ఉన్న రైతు ఇది చదివి తన గేదెని కాపాడుకున్నా నాకు సంతోషమే.

మరి ఏం చేయాలి? ఖర్చు లేని పని.

పోపు వేయకముందు గరిటెడు తీసిపెడితే చాలు అని కొందరు చెప్తున్నారు. సగమే నిజం. చాలామంది పప్పు కుక్కర్లోనే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చింతపండు వేసి ఉడికిస్తారు. పోపు ముందు తీసినా అందులో అవన్నీ ఉంటాయి. కాబట్టి ఉల్లి పడకముందు, చింతపండు పడకముందు, ఉప్పు పడకముందు తీయండి. ఉత్త పప్పు, ఉత్త అన్నం, నీళ్ళు వంచిన కొంచెం తోటకూర, వీలైతే ఒక గుడ్డు ఉడికించి, లేదా ముల్లు తీసిన చేప ముక్క. ఆకుకూర మొత్తం తిండిలో పదో వంతు దాటనివ్వకండి. కుక్కకి అసలు బలం మాంసకృత్తుల్లో ఉంది, ఆకులో లేదు. మన చెరువుల దగ్గర చేపకి కరువా?

పొరపాటున ఉల్లి ఎక్కువ తిన్నదని తెలిస్తే, బాగానే ఉంది కదా అని ఊరుకోకండి. గంట రెండు గంటల్లో పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే వాంతి చేయించగలరు. దీనికి విరుగుడు మందంటూ లేదు, అందుకే తొందర. ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించకండి, అది ఇంకో విషం. నీరసంగా ఉందని మనం వేసుకునే జ్వరం మాత్ర, పారాసిటమాల్, అస్సలు వేయకండి. అది కూడా కుక్క కాలేయాన్ని, నెత్తుటిని దెబ్బతీస్తుంది. పెద్ద కేసు అయితే మనకి గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, ఏలూరు నుంచి దూరమేమీ కాదు. ఏం తిన్నది, ఎప్పుడు తిన్నది, ఎంత తిన్నది, ఈ మూడూ డాక్టరు గారికి దాచకుండా చెప్పండి.

వీధికుక్కలకి తిండి పెట్టే పుణ్యాత్ములకి కూడా ఒక మాట. కుక్కలకి తిండి పెట్టడానికి ప్రత్యేకంగా చోట్లు చూపించాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. చోటు గురించి అందరూ కొట్టుకుంటున్నారు. ఆ చోట పెట్టే గిన్నెలో ఏముందని ఒక్కరూ అడగట్లేదు. ఫంక్షను హాలు నుంచి మిగిలిన కూరలు బకెట్లతో తెచ్చి పోస్తే అది పుణ్యం అవుతుందా?

"కుక్కకి ఇంత రాజభోగమా" అని కామెంటు పెట్టేవాళ్ళు పెట్టండి. ఉల్లిపాయ లేకుండా గరిటెడు పప్పు పక్కన తీసి పెట్టడం రాజభోగం అయితే, మన ఇళ్ళల్లో పత్యం తినే ప్రతి ముసలాయనా రాజే.

ఈ పోస్టు మీకు కాదు, మీ ఇంట్లో వంట చేసేవాళ్ళకి చదివి వినిపించండి. గిన్నె వాళ్ళ చేతిలో ఉంది. చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళు చాలామంది చదవలేరు, వాళ్ళకి నోటితో చెప్పండి. మీ ఊళ్ళో ఇలాంటిది జరిగి ఉంటే కింద రాయండి, పశువైద్యం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే నేను చెప్పినదాంట్లో తేడా ఉంటే సరిదిద్దండి. నేను ఇంటర్ చదివిన రైతుని, డాక్టరుని కాదు.

ఉంటానండి.