బెంచ్ మీద కుమింగా, కోర్టులో షెంగూన్: 240 నిమిషాల లెక్క

జొనాథన్ కుమింగా చివరికి సంతకం పెట్టాడు. నెలల తరబడి సాగిన బేరం 2025 సెప్టెంబర్ 30న తేలింది. గోల్డెన్ స్టేట్ వారియర్స్‌తో రెండేళ్లకు 4.85 కోట్ల డాలర్ల దాకా ఒప్పందం. మన లెక్కలో 400 కోట్ల రూపాయలకు పైనే. రెండో ఏడాది అతన్ని ఉంచుకోవాలా వద్దా అన్నది మాత్రం టీమ్ ఇష్టానికే వదిలారు.

ఇంత డబ్బుకు ఒప్పుకున్న ఇదే టీమ్ 2025 ఏప్రిల్‌లో అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టింది. సీజన్ చివరి మ్యాచ్‌లోనూ, ఆ వెంటనే మెంఫిస్‌తో జరిగిన ప్లే-ఇన్ మ్యాచ్‌లోనూ ఒక్క నిమిషం కూడా దింపలేదు. అప్పటికి అతని వయసు 22. మరి అన్యాయం జరిగింది అతనికా? లేక కోచ్ స్టీవ్ కెర్ చేసిందే కరెక్టా?

దీనికి జవాబు కావాలంటే కుమింగాను, అతనితో పాటే 2021 డ్రాఫ్ట్‌లో వచ్చిన మరో కుర్రాడిని పక్కపక్కన పెట్టి చూడాలి. అతనే హ్యూస్టన్ రాకెట్స్‌కు ఆడుతున్న టర్కీ ఆటగాడు అల్పరెన్ షెంగూన్.

ఒకే డ్రాఫ్ట్, రెండు దారులు

డ్రాఫ్ట్ అంటే కొత్త కుర్రాళ్లను ఎన్‌బీఏ టీమ్‌లు వరసగా ఎంచుకునే రోజు. కాంగోలోని గోమాలో పుట్టిన కుమింగా 7వ నంబర్‌లో పోయాడు. షెంగూన్ 16వ నంబర్. అప్పటికే 18 ఏళ్ల వయసులో టర్కీ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు తీసుకున్నా, ఇతని మీద అనుమానాలే ఎక్కువ. వేగం తక్కువ, డిఫెన్స్ చేయలేడు అన్నారు.

కుమింగా వెళ్లింది స్టెఫెన్ కర్రీ ఉన్న టీమ్‌కు. మొదటి ఏడాదే, అంటే 2022లోనే, ఆ టీమ్ ఛాంపియన్ అయింది. షెంగూన్ వెళ్లిన హ్యూస్టన్ ఒకప్పుడు రోజా ఉండి కూడా మ్యాచ్‌లు ఆడిన హకీమ్ ఒలాజువాన్ టీమే. 1994, 1995లో వరసగా టైటిళ్లు గెలిచింది. కానీ షెంగూన్ వచ్చిన ఏడాది 82 మ్యాచ్‌ల్లో 20 మాత్రమే గెలిచి అడుగున పడి ఉంది.

చూడటానికి అదృష్టం కుమింగాదే అనిపిస్తుంది. నిమిషాల విషయంలో మాత్రం ఉల్టా అయింది. మొదటి ఏడాది కుమింగాకు మ్యాచ్‌కు సగటున 17 నిమిషాలు దొరికితే, షెంగూన్‌కు 21 దొరికాయి. మూడో ఏడాదికి కుమింగా 26 దగ్గర ఉన్నాడు, షెంగూన్ 32 దాటాడు.

ఇక్కడ నేను కామర్స్‌లో చదువుకున్న పాఠమే పనికొస్తుంది. మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టులో ఐదుగురు. అంటే కోచ్ చేతిలో ఉన్న మొత్తం పెట్టుబడి 240 నిమిషాలు. అందులో ఒకరికి ఇచ్చిన ప్రతి నిమిషం ఇంకొకరి దగ్గర తీసుకున్నదే. ఓడిపోతున్న టీమ్‌లో కుర్రాడు తప్పు చేస్తే పోయేదేమీ లేదు, అది నేర్చుకునే ఖర్చు కింద రాసుకుంటారు. టైటిల్ కోసం ఆడే టీమ్‌లో అదే తప్పుకు మ్యాచ్ పోతుంది. పైగా కర్రీకి 2025లోనే 37 ఏళ్లు నిండాయి. అతని టైమ్ అయిపోతోంది, కుమింగా టైమ్ ఇంకా మొదలవ్వలేదు. ఈ రెండు గడియారాలనూ ఒకేసారి నడపాలని వారియర్స్ చూసింది. 2020లో 2వ నంబర్‌లో తీసుకున్న జేమ్స్ వైజ్‌మన్‌ను 2023లోనే వదిలేసుకుంది. కుమింగాది కూడా ఆ లెక్కలో తేలని బాకీనే.

పాయింట్లు చూస్తే తేడానే లేదు

కోచ్‌ను తప్పుపట్టేవాళ్ల దగ్గర గట్టి అంకె ఒకటి ఉంది. 2024-25 సీజన్‌లో కుమింగా 24.3 నిమిషాల్లో 15.3 పాయింట్లు చేశాడు. షెంగూన్ 31.5 నిమిషాల్లో 19.1 చేశాడు. ఇద్దరికీ 36 నిమిషాలు ఇచ్చామనుకుని లెక్కిస్తే కుమింగాకు దాదాపు 22.7, షెంగూన్‌కు 21.8 వస్తాయి. అంటే కుమింగాదే కొంచెం పైచేయి.

మరి షెంగూన్ 2025లో ఆల్‌స్టార్ ఎలా అయ్యాడు? ఐదేళ్లకు 18.5 కోట్ల డాలర్ల ఒప్పందం అతనికెలా దొరికింది?

అమ్మకాలు చూసి షాపు లాభంలో ఉందని చెప్పలేం కదా, ఇదీ అంతే. అదే సీజన్‌లో షెంగూన్ మ్యాచ్‌కు 10.3 రీబౌండ్లు, 4.9 అసిస్టులు ఇచ్చాడు. కుమింగావి 4.6, 2.2. షెంగూన్‌కు బాల్ ఇస్తే మిగతా నలుగురికీ పని దొరుకుతుంది. కుమింగాకు బాల్ ఇస్తే ఎక్కువగా అతనే రింగ్ వైపు దూసుకెళ్తాడు. ఆ దూకుడు చూడముచ్చటగా ఉంటుంది. కానీ జిమ్మీ బట్లర్, డ్రేమండ్ గ్రీన్ పక్కన దూరం నుంచి షాట్ వేసేవాడు కావాలి. కుమింగా మూడు పాయింట్ల షాట్ ఆ ఏడాది 30 శాతం దగ్గరే ఆగింది. ముగ్గురూ రింగ్ దగ్గరే గుంపుగా ఉంటే కర్రీకి దారి మూసుకుపోతుంది.

షెంగూన్ షాట్ అంతకంటే అధ్వానం, 25 శాతం కూడా లేదు. అయినా అతని చుట్టూ టీమ్‌ను కట్టారు, అతని పనేంటో తేల్చి చెప్పారు. 2023లో ఇమె ఉడోకా కోచ్‌గా వచ్చాక డిఫెన్స్‌లోనూ గట్టిపడ్డాడు. 2024-25లో హ్యూస్టన్ 52 మ్యాచ్‌లు గెలిచింది. 2025 సెప్టెంబర్‌లో టర్కీ యూరోబాస్కెట్ ఫైనల్ దాకా వెళ్లిందంటే అందులో అతని పాత్ర పెద్దది.

అవకాశం దొరికిన నాలుగు మ్యాచ్‌లు

2025 మే నెలలో మినెసోటాతో సిరీస్ మొదటి మ్యాచ్‌లోనే కర్రీ గాయపడ్డాడు. తప్పనిసరై కుమింగాను దింపారు. తర్వాతి నాలుగు మ్యాచ్‌ల్లో సగటున 24 పాయింట్లు చేశాడు, ఒకదాంట్లో 30. వారియర్స్ నాలుగూ ఓడింది.

అభిమానులు మొదటి మాట పట్టుకుంటారు, విమర్శకులు రెండోది. నా దృష్టిలో రెండూ నిజమే. అతనికి సత్తా ఉంది, ఆ సత్తా ఇంకా టీమ్ గెలుపుగా మారలేదు. అలా మారాలంటే ఒకే పని, కుదురైన నిమిషాలు, తప్పు చేసినా మళ్లీ దింపుతారన్న భరోసా కావాలి. నాలుగేళ్లలో కుమింగాకు ఇది సరిగ్గా దొరకలేదు. అతనూ తన వంతు పూర్తిగా ఇవ్వలేదు. రీబౌండ్‌కు, పాస్‌కు, డిఫెన్స్‌కు కోచ్ పర్మిషన్ అక్కర్లేదు. అవి బెంచ్ నుంచి వచ్చి పది నిమిషాలు ఆడినా చేయొచ్చు.

కాబట్టి కుమింగా ఆడేటప్పుడు పాయింట్లు చూడకండి. రీబౌండ్లు ఆరు దాటుతున్నాయా, అసిస్టులు మూడు దాటుతున్నాయా, మ్యాచ్ చివరి ఐదు నిమిషాల్లో కోర్టులో ఉంటున్నాడా, ఈ మూడూ చూడండి. ఉంటే టీమ్ చేతిలో నిజమైన ఆస్తి ఉన్నట్టు. లేకపోతే టీమ్ మారడమే ఏ కుర్రాడికైనా మేలు. అది ఓటమేమీ కాదు.

మన ఇళ్లలోనూ స్కూల్ టీమ్‌లో, కాలేజీ టీమ్‌లో బెంచ్ మీద కూర్చునే పిల్లలున్నారు. అది బాస్కెట్‌బాల్ కావచ్చు, క్రికెట్ కావచ్చు. ఇంటికి రాగానే అబ్బా అడిగే మొదటి మాట, "ఆడించారా బేటా?" అని. దాంతో పాటు ఇంకోటి కూడా అడగండి. "నీకు ఏ పని ఇచ్చారు?" ఆ పని ఏంటో కోచ్ చెప్పలేకపోతే కోచ్‌తో మాట్లాడాలి. పిల్లాడే చెప్పలేకపోతే పిల్లాడితో మాట్లాడాలి.