గోడకు రంగు సరే, గల్లీలో కమిటీ ఏది?

2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ పిలిచిన కళాకారులు హైదరాబాద్ ఎం.ఎస్. మక్తా ఇళ్ల గోడలపై పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. రాజ్‌భవన్ దగ్గరే ఉన్నా ఎవరూ పట్టించుకోని బస్తీకి ‘ఆర్ట్ డిస్ట్రిక్ట్’ అని పేరొచ్చింది, ఫోటోలకు జనం వచ్చారు. బాగానే ఉంది. మరి బస్తీవాళ్ల మధ్య ఏం పెరగాలి?

గోడ కావాలంటే ఇంటివాళ్లను అడగాలి. ప్రాణుల బొమ్మలు వద్దనే ఇళ్లు మనలో ఉన్నాయి. వాళ్లు ఖత్తాతీనో పూలతీగలో వేయమంటారు. పక్కింటాయన ఇంకోటి అంటాడు. ఈ పంచాయితీ తేలాలంటే నాలుగుసార్లు కూర్చోవాలి. నన్నడిగితే అసలు పని అదే. అలా కూర్చున్నవాళ్లే రేపు డ్రైనేజీ పొంగితే మున్సిపల్ ఆఫీసుకు కలిసి వెళ్తారు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1984లో మొదలైన పథకంలో జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణి గోడలు పాడుచేసే కుర్రాళ్లకే బ్రష్‌లు ఇచ్చారు. అక్కడ బొమ్మ ఏదో తేల్చడానికి చుట్టుపక్కలవాళ్లతో మీటింగులు పెడతారు. నాలుగు రోజులు వచ్చి వెళ్లిపోయే కళాకారులతో ఇది కుదరదు.

కామర్స్ చదివినవాడిగా ఇంకో మాట. రంగు వేయడం ఒక్కసారి ఖర్చు, మరమ్మతు వానాకాలం వెళ్లిన ప్రతిసారీ ఖర్చే. స్పాన్సర్లు సాధారణంగా మొదటిదానికే దొరుకుతారు. రెండోదానికి ఇంటింటికీ నెలకు పదో ఇరవయ్యో వసూలు చేసి, లెక్క రాసి అందరికీ కనపడేచోట అంటించే మనిషి గల్లీలోనే ఉండాలి.