కళ్లు కనిపించని వాళ్లు ఫోన్‌లో ఫారం నింపేదెలా? ఒక్క చిన్న బాక్స్ దగ్గరే ఆగిపోతున్న పని

పింఛను కావాలన్నా, పట్టా చూసుకోవాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా ఇప్పుడు అంతా ఆన్‌లైనే. పేరు, ఆధార్ నంబర్, ఓటీపీ.. ఏదో ఒక బాక్స్‌లో టైప్ చేయాల్సిందే. మరి ఆ బాక్స్ కనిపించని వాళ్ల సంగతేంటి? నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇది చిన్న విషయం కాదు. సుప్రీంకోర్టు కూడా దీనిపై గట్టిగానే మాట్లాడింది.

ఫోన్ చదువుతుంది.. కానీ ఏం చదువుతుంది?

చూపు లేని వాళ్లు ఫోన్‌ను చెవులతో వాడతారు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ.. ఇవన్నీ స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తాయి. వీటినే స్క్రీన్ రీడర్లు అంటారు.

అయితే బాక్స్ పక్కన 'తండ్రి పేరు' అని రాసి ఉంటే సరిపోదు. ఆ మాట ఈ బాక్స్‌దే అని యాప్ తయారుచేసినవాళ్లు కోడ్‌లో చెప్పాలి. చెప్పకపోతే వినిపించేది 'ఎడిట్ బాక్స్' అని మాత్రమే. పది బాక్సులుంటే పదిసార్లూ అదే మాట! ఏది పేరు, ఏది ఫోన్ నంబర్?

నిజానికి ప్రతి బాక్స్ నాలుగు విషయాలు చెప్పాలి. నా పేరేంటి, నాలో ఇప్పుడు ఏం రాసి ఉంది, కర్సర్ ఎక్కడుంది, తప్పు ఉంటే ఆ తప్పేంటి. చాలా ఫారాల్లో తప్పు పడితే గీత ఎర్రగా మారుతుంది, అంతే. రంగు కనిపించని మనిషికి ఫారం ఎందుకు ముందుకు పోవట్లేదో తెలిసేదెలా?

తెలుగులో ఇంకో చిక్కు

'లక్ష్మి' అనే పేరు చూడండి. మన కంటికి రెండక్షరాలు. ఫోన్ లోపల మాత్రం ఏడు ముక్కలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. చాలా కీబోర్డుల్లో బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే అక్షరం మొత్తం పోదు, గుడి ఒక్కటే పోయి 'లక్ష్మ' మిగులుతుంది. చూస్తూ టైప్ చేసేవాళ్లు వెంటనే సరిచేసుకుంటారు. వింటూ టైప్ చేసేవాళ్లకు ఏం పోయింది, ఏం మిగిలింది అనేది ఫోన్ సరిగ్గా చెప్పాలి. లేదంటే పేరు తప్పుగానే వెళ్లిపోతుంది.

డీటీపీ సెంటర్లలో వాడే అను లాంటి పాత ఫాంట్లతో ఇంకో తలనొప్పి. చూడ్డానికి చక్కటి తెలుగే. కానీ లోపల ఉన్నది యూనికోడ్ కాదు, వేరే గుర్తులు. స్క్రీన్ రీడర్ చదివితే ఒక్క ముక్క అర్థం కాదు.

మన దగ్గర ఎందుకింత ముఖ్యం?

భూ భారతి పోర్టల్ 2025 ఏప్రిల్ 14న మొదలైంది. ముందుగా ఎంచుకున్న నాలుగు మండలాల్లో మద్దూరు ఒకటి. ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉన్నా అది పాత మహబూబ్‌నగర్ ప్రాంతమే. భూమి రికార్డుల్లో పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే రైతు ఎన్నిసార్లు తిరగాలో మన పల్లెల్లో అందరికీ తెలుసు. ఆ అక్షరాన్ని తానే చూసుకోలేని రైతు ఏం చేస్తాడు? మీ సేవ కేంద్రంలోనో, పక్కింటి పిల్లాడితోనో టైప్ చేయిస్తాడు. ఆధార్ నంబర్, ఓటీపీ, ఒక్కోసారి బ్యాంకు పిన్ కూడా చెప్పేస్తాడు. సాయం అడగడంలో తప్పు లేదు. కానీ పిన్ చెప్పక తప్పని పరిస్థితి సాయం కాదు, ప్రమాదం.

కోర్టు ఏమంది?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వమైనా, ప్రైవేటైనా సేవలు అందరికీ అందుబాటులో ఉండాలి. కానీ 2017 నిబంధనల్లో చాలా ప్రమాణాలు సలహాల్లాగే ఉండిపోయాయి. హైదరాబాద్‌లోని నల్సార్ యూనివర్సిటీ ఇచ్చిన నివేదిక కూడా చూశాక, సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న అందులోని 15(1) నిబంధనను కొట్టేసింది. తప్పనిసరి ప్రమాణాలు తేవాలని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది.

తర్వాత 2025 ఏప్రిల్ 30న మరో తీర్పు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని జస్టిస్ జేబీ పార్దీవాలా, జస్టిస్ ఆర్ మహదేవన్ ధర్మాసనం తేల్చింది. ఆన్‌లైన్ కేవైసీపై 20 ఆదేశాలిచ్చింది. యాప్‌లను పరీక్షించేటప్పుడు చూపు లేని వాళ్లను కూడా కూర్చోబెట్టాలన్నది అందులో ఒకటి.

ఖర్చెక్కువా?

లేదు. ఫోన్ కంపెనీలు ఇచ్చే మామూలు టెక్స్ట్ బాక్స్ వాడి, దానికి సరైన పేరు పెడితే సగం పని అయిపోతుంది. అందం కోసం సొంతంగా బాక్సులు తయారుచేసి, ఓటీపీకి ఆరు ముక్కలు పెట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది. అలా చేసినా ఆ నాలుగు విషయాలు చెప్పించొచ్చు. కాకపోతే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చేయాలి.

మీరూ ఒకసారి చూడండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తాకితే తెరుచుకుంటుంది. ఇప్పుడు కళ్లు మూసుకుని, మీరు రోజూ వాడే యాప్‌లో మీ పేరు టైప్ చేయండి. తర్వాత అందులో ఒక్క అక్షరం మార్చి చూడండి. చేయలేకపోతే తప్పు మీది కాదు. ఆ బాక్స్‌ది.