పాత గడపకు చేరిన సమను

ఇల్లు మారుట మన మధ్యతరగతి కుటుంబమునకు చిన్న పని కాదు. పాలు పొంగించుటకు ముహూర్తము చూచుకొందుము. బీరువా కొత్త గుమ్మములో పట్టునో పట్టదో కొలుచుకొందుము. పాలవానికి, పత్రిక వేయువానికి ముందుగా కబురు చేయుదుము. కాని మనతోపాటు మన చిరునామా కూడ ప్రయాణము చేయవలసియున్నదని జ్ఞాపకము వచ్చుట అరుదు. ఈ మరపునకు స్వదేశములో సాధారణముగా ఒక శుభలేఖ ఆలస్యమగుటయే శిక్ష. బ్రిటన్‌లో కారు కలిగి కాపురముండు మనవారికి మాత్రము అది ఒక్కొక్కప్పుడు న్యాయస్థానపు తీర్పుగా పరిణమించుచున్నది.

చదువులకును, ఉద్యోగములకును వెళ్ళి లండన్ శివారులలోను, స్లౌ, రెడింగ్ వంటి పట్టణములలోను నివసించు తెలుగువారిలో అద్దె ఇండ్లవారు చాలమంది. గడువు తీరినచో ఇల్లు, కొలువు మారినచో ఊరు మారుట వారికి పరిపాటి. కనుక ఈ విషయము మనకు దూరపుకొండ కాదు. మన బిడ్డల గృహచ్ఛిద్రమే.

అక్కడి దుకాణముల ముందును, ఆసుపత్రుల ఆవరణలలోను, వాటాల ఇండ్ల క్రిందను ఉన్న కార్ల స్థలములలో అనేకము ప్రైవేటు కంపెనీల నిర్వహణలో నున్నవి. గడువు మించినను, రుసుము చెల్లింపకున్నను వంద పౌనుల వరకు కోరుచు ఒక తాఖీదు వచ్చును. నగరపాలక సంస్థ పంపునది పెనాల్టీ చార్జి నోటీసు. కంపెనీ పంపునది పార్కింగ్ చార్జి నోటీసు. రెండింటికిని పొడి అక్షరములు పి.సి.ఎన్. అనునవే. కాని మొదటిది ప్రభుత్వాధికారముతో వేసిన జరిమానా. రెండవది ఒక వ్యాపారి ఒప్పందము పేరిట చేయు క్లెయిము మాత్రమే. స్థలములో నిలిపిన బోర్డే ఒప్పందపత్రము. కారు నిలుపుటయే సంతకము.

ఈ ఒప్పందమునకు బలమున్నదా అను ప్రశ్న ఆ దేశపు సుప్రీముకోర్టు వరకు పోయినది. చెల్మ్స్‌ఫర్డ్‌లోని ఒక దుకాణ సముదాయములో రెండు గంటలు ఉచితము. బీవిస్ అను నతడు 56 నిమిషములు అధికముగా కారు నిలిపెను. పార్కింగ్ ఐ అను కంపెనీ 85 పౌనులు కోరినది. జరిగిన నష్టముతో పొంతన లేని మొత్తమని అతడు వాదించెను. 2015 నవంబరు 4న అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తులు కంపెనీ పక్షమున తీర్పు చెప్పిరి. స్థలము అందరికిని అందుబాటులో నుండునట్లు చూచుటలో కంపెనీకి న్యాయమైన ప్రయోజనమున్నదనియు, ఆ మొత్తము మితిమీరినది కాదనియు వారి అభిప్రాయము. కనుక "ప్రైవేటు తాఖీదు చిత్తుకాగితము, చెత్తబుట్టలో వేయుము" అని స్నేహితులు చెప్పు సలహా నేడు చెల్లదు.

ఇక చిరునామా కథ. పూర్వము కంపెనీలు కారు చక్రములకు ఇనుప బంధములు వేసి డబ్బు రాబట్టుచుండెడివి. 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టము ఇంగ్లండు, వేల్సులలో ప్రైవేటు స్థలములందు ఆ దౌర్జన్యమును నిషేధించినది. ఆ చేతితో వరమిచ్చి ఈ చేతితో, కారు నడిపినవాడెవడో తెలియనప్పుడు రిజిస్టరులో నున్న సంరక్షకుని నుండి సొమ్ము కోరు హక్కును కంపెనీలకు ప్రసాదించినది. స్వాన్సీలోని వాహనశాఖకు రెండున్నర పౌనులు చెల్లించినచో అతని పేరు, చిరునామా కంపెనీకి లభించును. రిజిస్టరులోని చిరునామాకు తాఖీదు పంపినచో చాలునని చట్టమే చెప్పుచున్నది. ఆ ఇంట అతడున్నాడా లేడా అను విచారణ ఆ ఘట్టములో లేదు.

ఫలితమేమి? తాఖీదు పాత ఇంటికి పోవును. కొత్తగా దిగినవారు దానిని కొన్నాళ్లు బల్లపై నుంచి పారవేయుదురు. వసూలు ఏజెన్సీ వారు మరి డెబ్బది పౌనుల వరకు కలుపుచు హెచ్చరికలు పంపుదురు, అవియు అంతే. తుదకు కోర్టు పత్రము కూడ ఆ గడపనే చేరును. పదునాలుగు దినములలో ప్రతివాది నుండి సమాధానము రానిచో వాది కోరిన తీర్పు లభించును. నెల లోపల పూర్తిగా చెల్లింపనిచో ఆ తీర్పు ఆరు సంవత్సరములు బహిరంగమైన రిజిస్టరులో నుండును. ఇల్లు కొనుటకు అప్పు అడిగిన నాడు బ్యాంకు గుమస్తా నోట ఆ వార్త మొదటిసారి వినువారు గలరు. వంద పౌనుల తగాదా గృహయోగమునకే అడ్డుపడుట గోరుచుట్టుపై రోకటిపోటు కాదా?

కంపెనీల వాదమును కూడ వినవలెను. చిరునామా మార్పును వాహనశాఖకు తెలుపుట పౌరుని విధి. తెలుపనిచో వెయ్యి పౌనుల వరకు జరిమానా కూడ గలదు. విధి మరచినవానికి చట్టమెందుకు జాలి చూపవలెను? ఇల్లు మారుటయే రక్షణయైనచో ప్రతి బాకీదారుడును మూటముల్లె సర్దుకొనడా? ఈ వాదములో నిజమున్నది. కాని విధిలోపమునకు చట్టము ఒక శిక్ష విధించియే యున్నది. "నీ మాట వినకయే తీర్పు చెప్పుదుము" అనునది ఆ శిక్షలో భాగము కాదు. మరచినవాడు వేరు, తప్పించుకొని తిరుగువాడు వేరు.

మన దేశమున 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులోను ఏకపక్షపు డిక్రీలున్నవి; సమను తలుపునకు అంటించి చేతులు దులుపుకొను అమీనాలకును కొదవ లేదు. కాని మనిషి కనబడనప్పుడు వెదకిన పిమ్మటనే తలుపునకు అంటింపవలెనని ఆ కోడు నిర్దేశించుచున్నది. ఎవరో ఒకరు ఆ గడప వరకు నడచి చూడవలెనన్న భావన అందున్నది. బ్రిటన్ నియమములలో సైతము, ప్రతివాది అచట లేడని నమ్ముటకు కారణమున్నచో ప్రస్తుతపు చిరునామా తెలిసికొనుటకు వాది తగు ప్రయత్నము చేయవలెనని యున్నది. నాలుగైదు ఉత్తరములకు నెలల తరబడి ఉలుకుపలుకు లేకుండుటయే అట్టి కారణమని నా అభిప్రాయము. దావా వేయుటకు ముందు చిరునామాను క్రొత్తగా విచారించితినని వాది ప్రమాణము చేయనిదే ఏకపక్షపు తీర్పు ఇయ్యరాదు. వేలాది దావాలు వేయు కంపెనీకి ఇది మోయరాని బరువు కాదు.

అట్టి సంస్కరణ వచ్చువరకు ఏమి చేయవలెను? ఇల్లు మారిన వారముననే వాహనశాఖకు తెలుపవలెను. డ్రైవింగు లైసెన్సు వేరు, కారు లాగ్‌బుక్ వేరు. ఒకటి మార్చినచో రెండవది దానంతట మారదు. ఈ పనికి రుసుము లేదు. పోస్టాఫీసు వారికి కొంత సొమ్ము చెల్లించి ఉత్తరములను కొత్త ఇంటికి మళ్ళించుకొనుట మంచిది. పాత ఊరిలో ఎచటనైన గడువు మించెనను అనుమానమున్నచో ఆ కంపెనీకి కొత్త చిరునామా వ్రాతమూలకముగా తెలిపి నకలు దాచుకొనవలెను. అటు పిమ్మట పాత ఇంటికి సమను పంపుట వారికి సులభము కాదు. ఇట్టి దావాకు ఆరు సంవత్సరముల కాలపరిమితి యున్నది గనుక కొన్ని నెలలు గడచినవని నిశ్చింతగా నుండరాదు.

తాఖీదు అందినచో తేదీలు చూడవలెను. కారుపై కాగితము అంటింపక కెమెరా సాక్ష్యముతోనే పంపిన తాఖీదు పదునాలుగు దినములలో చేరకున్నచో సంరక్షకుని బాధ్యత నిలువదు. నడిపినవాని బాధ్యత మాత్రము పోదు. వసూలు ఏజెన్సీ ఉత్తరమునకు బెదరనక్కరలేదు. తీర్పు లేనిదే ఇంటి సామానును తాకు హక్కు ఎవరికిని లేదు. కోర్టు పత్రమును మాత్రము ఒక్క దినము కూడ ఉపేక్షింపరాదు. తెలియకుండ తీర్పు వచ్చినచో రద్దు కోరుచు వెంటనే దరఖాస్తు చేయవచ్చును. కాని దాని రుసుమే మూడువందల పౌనులు దాటినది! అసలు తగాదాకు మూడు రెట్లు చెల్లించి "నా మాట వినుడు" అని వేడుకొనవలసిన స్థితి ఏ న్యాయవ్యవస్థకును అలంకారము కాదు.

ఈ కంపెనీలను అదుపు చేయుటకు 2019లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. దాని ననుసరించి 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వము నియమావళిని ప్రకటించి, ఆ జూనులోనే ఉపసంహరించుకొన్నది. 2024లో కంపెనీల సంఘములు తమ నియమావళిని తామే వ్రాసికొన్నవి. 2025 జూలైలో ప్రభుత్వము మరల ప్రజాభిప్రాయమును సేకరింప మొదలిడినది. చార్జీల మొత్తమును గూర్చియే చర్చ సాగినచో సగము పనియే జరుగును. వంద పౌనులు ఏబదియైనను, వినకుండ చెప్పిన తీర్పు న్యాయము కానేరదు. చిరునామా మార్చుకొనుట పౌరుని ధర్మము. పౌరుడెచట నున్నాడో తెలిసికొని పిలుచుట కోర్టు ధర్మము. మొదటి ధర్మమునకు వెయ్యి పౌనుల జరిమానా యున్నది. రెండవ ధర్మము తప్పినచో చెల్లించునదెవరు?