నర్సమ్మ జీతము – ఫరో కుమార్తె మాట



ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి కాలేజీలు తెరిచే వరకు మా ఇంటి అరుగు మీద ఒకే ప్రశ్న వినబడుతుంది. "అయ్యగారండీ, పాపని నర్సింగ్‌లో వేద్దామనుకుంటున్నామండీ. చదువయ్యాక ఎంతొస్తాదండీ?" అడిగిన వెంటనే ఆ తల్లి ఏదో తప్పు మాట్లాడినట్టు, "సేవేననుకోండి..." అని సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడం గురించే ఈ వారం రాయాలనుకున్నాం. నర్సు జీతం ఎంత అని అడగడం ఆత్మీయతకు తక్కువ కాదు. అడగాలి. అడిగి, సరిగా పోల్చి చూడాలి.

నిర్గమకాండము రెండవ అధ్యాయం తెరవండి. జమ్ముపెట్టెలో ఏడుస్తున్న పసివాడిని ఫరో కుమార్తె చూసింది. పిల్లవాడి అక్క పరుగెత్తి వెళ్లి కన్నతల్లినే దాదిగా తీసుకొచ్చింది. అప్పుడు ఆ రాజకుమార్తె ఏమన్నది? ఈ బిడ్డను పెంచు, నేను జీతం ఇస్తాను అన్నది. ఆ తల్లి బానిస జనాంగములోనిది. తన బిడ్డ బ్రతికితే చాలు, ఊరికే పాలిచ్చేది. అయినా ఆమె ప్రేమను చూపించి జీతం ఎగ్గొట్టలేదు ఆ అన్యురాలు. ప్రేమ ఉన్నచోట జీతం అక్కర్లేదని చెప్పేవారికి ఈ అధ్యాయం ఒక్కటి చాలు.

ఇక లూకా సువార్త పదవ అధ్యాయం. మంచి సమరయుడి గురించి మనం ఎన్నిసార్లు ప్రసంగాలు విన్నాం! నూనె, ద్రాక్షారసము, కట్లు, గాడిద – అన్నీ గుర్తే. మరునాడు ఏం జరిగిందో చాలామంది దాటేస్తారు. సమరయుడు రెండు దేనారములు తీసి పూటకూళ్ల ఇంటివాడి చేతిలో పెట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని మాట కూడా ఇచ్చాడు. మత్తయి ఇరవయ్యవ అధ్యాయం ప్రకారం దేనారము అంటే ఒక రోజు కూలి. అంటే రాత్రంతా గాయపడినవాణ్ణి చూసుకునే మనిషికి ముందుగానే డబ్బు ముట్టింది, బాకీ కూడా ఒప్పుకోబడింది. పనివాడు తన జీతమునకు పాత్రుడని ప్రభువు చెప్పినది కూడా ఈ అధ్యాయంలోనే, ఏడవ వచనంలో.

మన దగ్గర నర్సింగ్ అంటే క్రైస్తవ ఇళ్ల ఆడపిల్లల చదువు అన్న పేరు ఊరకే రాలేదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరమ్మ అన్నా కూగ్లర్ గారి కాలంలో, రోగి ఒళ్లు ముట్టుకునే పనిని పెద్దింటివారు చిన్నచూపు చూసేవారు. ఆ రోజుల్లో మిషన్ ఆసుపత్రులలో ఆ పనికి ముందుకొచ్చినవారిలో మన తల్లులు, అవ్వలు ఉన్నారు. వేలూరులో ఐడా స్కడ్డర్ గారు 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టారు, 1946 నాటికి అక్కడ అది డిగ్రీ చదువైంది. డిగ్రీ వచ్చింది, రిజిస్ట్రేషన్ వచ్చింది. చిన్నచూపు మాత్రం జీతం రూపంలో మిగిలిపోయింది.

దగ్గరలోని సంగతి చెబుతాం. మన సంఘపు బిడ్డ ఒకతె బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివి, చుట్టుపక్కల ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరింది. పేరు ఎందుకులెండి. నెలకు పన్నెండు వేలు. రాత్రి డ్యూటీ పన్నెండు గంటలు. సెలైన్ ఎక్కించేదీ తనే, బిల్లు రాసేదీ తనే. పక్కనే ఇంకో పిల్ల, ఇంటర్ మధ్యలో ఆపేసినది, అదే యూనిఫాం వేసుకుని ఇంజెక్షన్లు చేస్తుంది, ఏడు వేలకి. యజమాని లెక్క తేలికే: ఏడు వేలకి సూది గుచ్చే చెయ్యి దొరుకుతుంటే, చదువుకున్న పిల్లకి ఇరవై ఎందుకివ్వాలి? చదువులేని పిల్ల మీద మనకి కోపం లేదు, అదీ ఇల్లు గడవక వచ్చినదే. కానీ రోగి ప్రాణం మధ్యలో ఉన్నది గనుక ఆ లెక్క పాపపు లెక్క.

మరి ఎంత ఇవ్వాలి? ఇది మా సొంత అభిప్రాయం కాదు. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన కేసులో 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఒక కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఆ కమిటీ పడకల సంఖ్యను బట్టి సిఫారసు చేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానమైన జీతం. 100 నుంచి 200 పడకలైతే అంతకంటే 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 పడకల లోపు చిన్న ఆసుపత్రి అయినా నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలి. సిఫారసు అమలు చేసే పని రాష్ట్రాలకు వదిలారు. కేరళలో నర్సులు సమ్మెలు చేసి, రోడ్డెక్కి, 2018 ఏప్రిల్‌లో 20,000 కనీస వేతనంగా నోటిఫికేషన్ తెప్పించుకున్నారు. మన పిల్ల పన్నెండు వేలు ఆ తర్వాత ఏళ్లలోని మాట.

సర్కారు కొలువు ఎంత దూరమో కూడా చూడండి. మంగళగిరి ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థలో నర్సింగ్ ఆఫీసరు ఏడవ వేతన స్థాయిలో చేరుతుంది, మూల వేతనమే 44,900. కరువు భత్యం, ఇంటి అద్దె వేరు. తెలంగాణలో 2022 డిసెంబరులో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు మొదటి మెట్టు 36,750. ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాల్లో కాంట్రాక్టు మీద పనిచేసే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుకి దేశమంతా వేసుకున్న లెక్క నెలకు 25,000, పనిని బట్టి మరో 15,000 వరకు ప్రోత్సాహకం. ఒకే చదువు, ఒకే రిజిస్ట్రేషన్ నంబరు. గోడకి ఇవతల పన్నెండు, అవతల నలభై అయిదు.

అనుభవం సంగతికి వస్తే ఇంకా బాధ. సర్కారులో ఏటా ఇంక్రిమెంటు పడుతుంది. చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో పదేళ్ల సిస్టరుకి, నిన్న చేరిన పిల్లకి మధ్య తేడా మూడు నాలుగు వేలే అని మన అక్కచెల్లెళ్లే చెబుతారు. అయినా ఎందుకు ఉంటారు? గల్ఫ్ ఆసుపత్రులు సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతాయి గనుక. ఆ సర్టిఫికెట్ ఆశ చూపించి తక్కువ జీతానికి ఉంచుకుంటారు. తీరా వెళ్లేవేళ, ఇన్ని పడకల పైబడిన ఆసుపత్రి అనుభవమే కావాలంటారు, చిన్న నర్సింగ్ హోమ్ కాగితం పనికిరాదు. ఐసీయూ, డయాలసిస్, ఆపరేషన్ థియేటరు, పసిపిల్లల వార్డు – వీటిలో పని నేర్చుకున్న పిల్లకి బయట అడిగేవాళ్లు ఎక్కువ. కాబట్టి చేరేముందే ఎన్ని పడకలు, ఏ వార్డు అని అడగమ్మా. వెయ్యి రూపాయలు తక్కువైనా పెద్ద ఆసుపత్రి ఐసీయూ మేలు అని మా అభిప్రాయం.

ఇప్పుడు విదేశం మాట. సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు వైపు గల్ఫ్ డబ్బుతో లేచిన ఇళ్లు చూసి, "కువైట్‌లో అంతంట, లండన్‌లో ఇంతంట" అని పోలుస్తాం. పోల్చడం మంచిదే, కానీ రూపాయల్లోకి మార్చిన అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. బ్రిటన్ సర్కారు ఆసుపత్రుల్లో కొత్త నర్సుకి 2025–26లో ఏడాదికి 31,049 పౌండ్లు. పౌండుకి 115 రూపాయలు వేసుకుంటే 35 లక్షలు దాటుతుంది. ఊరంతా నోరు తెరుస్తుంది. పన్ను, పింఛను, బీమా పోగా చేతికొచ్చేది నెలకు దాదాపు 2,000 పౌండ్లు. అందులో గది అద్దె, కరెంటు, బస్సు, తిండి. లండన్ నడిబొడ్డున పనిచేస్తే 20 శాతం అదనంగా ఇస్తారు, ఔటర్ లండన్‌లో 15 శాతం. అద్దె అంతకంటే ముందే ఎక్కి కూర్చుంటుంది. లీడ్స్‌లో ఉన్న మన బిడ్డ లండన్‌లో ఉన్న తన స్నేహితురాలికంటే ఇంటికి ఎక్కువ పంపగలుగుతోంది. అక్కడ మెచ్చుకోదగిన సంగతి ఒకటుంది: జీతం పట్టిక అందరికీ కనబడుతుంది. 2025–26 పట్టికలో రెండేళ్లకి 33,487, నాలుగేళ్లకి 37,796 అని ముందే రాసి ఉంది. మూడవ ఏట ఎంతొస్తుందో యజమాని దయ మీద ఉండదు.

అమెరికాలో 2024 మే నాటి ప్రభుత్వ లెక్క ప్రకారం రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లు. అదే దేశంలో, 2023 లెక్కల్లో, కాలిఫోర్నియాలో సగటు 1,37,000 దాటితే సౌత్ డకోటాలో 69,000 దగ్గర ఉంది. మత్తు ఇవ్వడంలో పై చదువు చదివిన నర్సుకి రెండు లక్షల డాలర్లు దాటుతుంది. వినడానికి బాగుంది. అయితే అక్కడి గ్రీన్‌కార్డుకి మన దేశంవారికి ఉన్న వరుస ఏళ్ల తరబడి సాగుతుంది. కాబట్టి "మా బావమరిది కూతురు అమెరికాలో" అన్న మాట విని పొలం అమ్మకండి.

పొలం మాట ఎందుకంటే, మమ్మల్ని భయపెట్టేది అదే. 2015లో సీబీఐ ఒక కేసు పెట్టింది. కువైట్ ఆరోగ్య శాఖ ఉద్యోగాలకు వెళ్లే నర్సుల దగ్గర 19,500 రూపాయలు తీసుకోవలసిన చోట 19.5 లక్షలు వసూలు చేశారని కొచ్చిలోని ఒక ఏజెన్సీ మీద ఆరోపణ. ఆ ఏడాదే కేంద్రం గల్ఫ్ సహా 18 దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నియమం తెచ్చింది. మన రాష్ట్రానికి ఓంక్యాప్, తెలంగాణకి టామ్‌కామ్ అలాంటివి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంతే. బ్రిటన్ నియమాల ప్రకారమైతే ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర పైసా తీసుకోకూడదు.

మరి ఆరు లక్షలు అడిగేవాడు ఎవరు? నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆరు లక్షలు తెస్తే నెలకు వడ్డీయే పన్నెండు వేలు. నర్సింగ్ హోమ్‌లో వదిలేసి వెళ్లిన జీతమంత వడ్డీ అది. అసలు అలాగే ఉంటుంది. ఇంకా ఘోరం, ఆసుపత్రి అని చెప్పి ఇంటిపని వీసా చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు. వీసా మీద ఏ పని రాసుందో చదవకుండా విమానం ఎక్కించవద్దు.

ఇందుచేత మన మందిరంలో ఏ ఏజెంటు ప్రకటనా ఇకమీదట చదవబడదు, ఆయన ఎంత కానుక వేసినా సరే. కొందరికి ఇది నచ్చదని తెలుసు. నచ్చకపోయినా ఇది ఇంతే.

ఇక సంఘంలోని యజమానులతో ఒక మాట. మనలో నర్సింగ్ హోమ్‌లో వాటా ఉన్నవారు, ల్యాబ్ నడిపేవారు ఉన్నారు. ద్రాక్షతోట ఉపమానము చెప్పి, ఎంతిస్తే అంతకి గొణగకూడదని సిస్టర్లకి బోధించినవారు కూడా ఉన్నారని విన్నాం. ఆ తోట యజమానుడు ఎవరి కూలీ తగ్గించలేదండీ. సాయంకాలం వచ్చినవాడికి కూడా ఇల్లు గడిచే కూలి ఇచ్చాడు. గొణిగినవాడికి సైతం ఒప్పుకున్నది పూర్తిగా ముట్టింది. కూలివాని కూలి తెల్లవారే వరకు నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13లో ఆజ్ఞ ఉంది. బిగబట్టిన కూలి మొరపెట్టి ప్రభువు చెవులకు చేరుతుందని యాకోబు రాశాడు. మే 12న నర్సుల దినం అని మందిరంలో శాలువాలు కప్పుతున్నాం, మానము. కానీ వచ్చే మే నెలకి ముందే, మన సంఘస్థుల ఆసుపత్రిలో పనిచేసే ప్రతి రిజిస్టర్డ్ నర్సుకి ఇరవై వేలకి తగ్గకుండా అందాలని పేరు పేరునా వచ్చి అడుగుతాం. రోగులు పేదవాళ్లు, ఫీజు పెంచలేం అంటారు. నిజమే కొంత. అయితే స్కానింగ్ గదికి ఏసీ పెట్టినప్పుడు ఆ మాట వినబడలేదు.

పెళ్లి సంబంధాల వారికి కూడా చెప్పాలి. "బీఎస్సీ నర్సింగ్ అయితే చాలు, కట్నం వద్దు" అంటూ వచ్చేవారి ఉదారత వెనుక డిపెండెంట్ వీసా లెక్క ఉంటుంది. ఆ పిల్ల నైట్ డ్యూటీ జీతం మీద ఎవరెవరి అప్పులు తీరాలో ముందే పంచుకున్న ఇళ్లు మాకు తెలుసు. జీతం ఆమెది. ఏ ఖాతాలో పడాలో ఆమెనే అడగండి.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక మందిరంలోనే కూర్చుంటాం. ఆఫర్ లెటరు, వీసా కాగితం, ఏజెంటు రాసిచ్చిన చీటీ, ఏది ఉంటే అది తీసుకురండి. సంతకం పెట్టకముందే తీసుకురండి. లీడ్స్‌లో ఉన్న మన బిడ్డ, హైదరాబాదు ఐసీయూలో ఉన్న మరో బిడ్డ వీడియో కాల్‌లో చూసి చెబుతామన్నారు. లీడ్స్ అమ్మాయి నైట్ డ్యూటీ దిగి పడుకునే ముందు మనకోసం కూర్చుంటుంది, కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకే మొదలుపెడదాం. భోజనం మందిరంలోనే.