దుబాయిలో నికాహ్‌కు వెళ్ళేవారికి

దుబాయిలో స్థిరపడిన బంధువులు నికాహ్‌ను అక్కడే జరుపుతూ మనలను ఆహ్వానించడం ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. పిలుపు అందగానే దుస్తులకన్నా ముందు పాస్‌పోర్టు తీసి చూడండి. అక్కడ దిగేనాటికి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

అసలు జాగ్రత్త పెట్టె సర్దేటప్పుడు అవసరం. పెండ్లివారికని మన స్త్రీలు ఆప్యాయంగా కట్టే మసాలా పొట్లాలలో గసగసాలు ఉంటాయి. మనకు అవి కుర్మా చిక్కబడేందుకు వేసే దినుసు. అక్కడి చట్టం దృష్టిలో నిషిద్ధ పదార్థం. మా ఇంట్లోనూ ఈ మాట చెబితే మొదట నవ్వారు. కాని తెలియక తెచ్చామన్నా జైలుపాలయ్యే ప్రమాదముంది. పొడిలో కలిసినా అంతే. ఇరుగుపొరుగువారు తమవారికి ఇమ్మని అందించే పొట్లాన్ని వారి ఎదుటే విప్పి చూడండి, మొహమాటపడకండి. ట్రమడాల్, కొడీన్ కలిసిన మందులు వాడేవారు వైద్యుని చీటీతో పాటు అక్కడి అధికారుల అనుమతిని ముందే పొందాలి.

ఇక నమాజు. పదిహేను రోజులకన్నా తక్కువ ఉండదలచినవారు హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ముసాఫిర్లే. జుహ్ర్, అసర్, ఇషాలలో నాలుగు ఫర్జ్ రకాతులకు బదులు రెండే చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమాము వెనుక నిలబడితే మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. విడిదిలో ముసాఫిరే ఇమామత్ చేస్తే ఆ సంగతి ముందే చెప్పాలి. ఆయన సలాం చెప్పాక స్థానికులు లేచి మిగిలిన రెండు రకాతులు చేసుకుంటారు.