ఈత రాని మనిషి

ముందే చెప్పేస్తున్నా, ఈ వారం కాలమ్ నిండా స్పాయిలర్లే. 'ఆండోర్' మొదటి సీజన్ ఇంకా చూడనివాళ్లు ఈ పేజీ సేవ్ చేసుకుని, జియోహాట్‌స్టార్‌లో ఎనిమిది, తొమ్మిది, పది ఎపిసోడ్లు వరసగా చూసి రండి. నేనెక్కడికీ పోను.

వచ్చేశారా? అయితే 'వన్ వే అవుట్' గురించి మాట్లాడుకుందాం. 2022 నవంబర్ 9, బుధవారం వచ్చిన పదో ఎపిసోడ్ ఇది. ఇప్పటికి ఐదుసార్లు చూశా. ఐదుసార్లూ ఒకే చోట గొంతు పట్టేసింది. కాల్పుల దగ్గర కాదు, పారిపోయే దగ్గరా కాదు. అంతా అయిపోయాక, నీళ్ల అంచున నిలబడి ఒక పెద్దమనిషి "నాకు ఈత రాదు" అంటాడు చూడండి, అక్కడ.

కత్తులు లేని స్టార్ వార్స్

స్టార్ వార్స్ అంటే మనలో చాలామందికి వెలిగే కత్తులు, నల్ల ముసుగు, గురగురమనే ఊపిరి. ఆ సినిమాలు ఒక్కటీ చూడకపోయినా ఇక్కడ ఇబ్బంది లేదు. ఈ సీజన్‌లో ఆ కత్తి పట్టినవాడు ఒక్కడూ కనిపించడు. 2016లో వచ్చిన 'రోగ్ వన్' సినిమాలో తిరుగుబాటు కోసం ప్రాణమిచ్చిన కాసియన్ ఆండోర్, అంతకు ఐదేళ్ల ముందు ఎలాంటివాడన్నదే కథ. అప్పులు, అబద్ధాలు, చిల్లర దొంగతనాలు. ఆ పాత్ర డియేగో లూనాది. సిరీస్ సృష్టికర్త టోనీ గిల్‌రాయ్. 'రోగ్ వన్' రాసినవాళ్లలో ఆయనొకరు, మాట్ డామన్ 'బోర్న్' సినిమాలకూ రాశారు. జైలు కథ నడిచే మూడు ఎపిసోడ్లను మాత్రం బో విలిమన్ రాస్తే, టోబీ హేన్స్ డైరెక్ట్ చేశారు.

కాసియన్ జైల్లో పడ్డ తీరే ఒక చేదు జోకు. సామ్రాజ్యం జీతాల సొమ్ము కొల్లగొట్టిన ముఠాలో వాడూ ఒకడు. దొరకలేదు. వాటా తీసుకుని, పేరు మార్చుకుని, సముద్రపు ఒడ్డున ఒక టూరిస్టు ఊళ్లో దాక్కున్నాడు. ఓ రోజు కొట్టుకి బయల్దేరితే, చేయని తప్పుకి పట్టుకుని, చిటికెలో విచారణ ముగించి ఆరేళ్లు వేసేశారు. దోపిడీ చేసినవాడి కోసం ఊళ్లన్నీ గాలిస్తున్న సర్కారుకి, వాడు తన జైల్లోనే ఉన్నాడని తెలీదు.

నేలే కాపలా

నార్కీనా 5 జైలు నీళ్ల మధ్యలో ఉంటుంది. కొరడాలు లేవు, కుక్కలు లేవు. తెల్లగా, ఆస్పత్రిలా శుభ్రంగా మెరిసే నేల ఉంది. ఆ నేలే ఆయుధం. బటన్ నొక్కితే కరెంటు పాకుతుంది. ఖైదీల కాళ్లకి చెప్పులుండవు, కాపలావాళ్ల బూట్లకి కరెంటు తగలదు. అంతే, వ్యవస్థ మొత్తం ఇంతే.

గదిలో ఏడు టేబుళ్లు, టేబుల్‌కి ఏడుగురు. పన్నెండు గంటల షిఫ్టు. ఏదో యంత్రం విడిభాగం బిగిస్తూ ఉంటారు, అది దేనికో ఎవరికీ తెలీదు. ఎక్కువ చేసిన టేబుల్‌కి ఆ రోజు తిండిలో కాస్త రుచి కలుపుతారు. తక్కువ చేసిన టేబుల్‌కి షాక్ ఇస్తారు. సెల్‌కి వెళ్తే, ఇంకా ఎన్ని షిఫ్టులు మిగిలాయో చూపించే అంకె వెలుగుతూ ఉంటుంది.

నేను రెండేళ్లు నైట్ షిఫ్ట్‌లో కస్టమర్ సపోర్ట్ చేశా. గోడ మీద పెద్ద స్క్రీన్, దాని మీద టీమ్‌ల ర్యాంకులు. మొదటొచ్చిన టీమ్‌కి పిజ్జా, చివరొచ్చిన టీమ్‌కి మీటింగ్. మాకెవరికీ షాకులు ఇవ్వలేదు, తెల్లారితే క్యాబ్ ఎక్కి ఇంటికెళ్లేవాళ్లం, కాబట్టి పోలిక ఎక్కువ దూరం లాగను. కానీ పక్క టీమ్ వెనకబడిందని తెలియగానే లోపల కలిగే ఆ చిన్న హాయి ఉంటుందే, అది నాకు తెలుసు. ఎనిమిదో ఎపిసోడ్‌లో ఆ టేబుళ్లు చూడగానే నాకు భయమేసింది అందుకే. కాపలావాళ్లు పెద్దగా ఏమీ చేయడం లేదు. ఖైదీలే ఒకరినొకరు తరుముకుంటున్నారు.

మేస్త్రీ కూడా ఖైదీనే

ఈ గదిని నడిపించేది కీనో లాయ్. నటించింది ఆండీ సర్కిస్. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో గొల్లమ్‌గా, స్టార్ వార్స్‌లోనే స్నోక్‌గా కంప్యూటర్ బొమ్మల వెనక దాక్కున్న మనిషి ఇక్కడ సొంత ముఖంతో వచ్చాడు. ఆ ముఖం చూశాక అన్నేళ్లు ఎందుకు దాచారా అనిపించింది నాకు.

కీనో చెడ్డవాడు కాదు. వాడికీ ఒక అంకె ఉంది. రెండొందల పైచిలుకు షిఫ్టులు పూర్తి చేస్తే ఇంటికి పోవచ్చు. ఆ అంకెని నమ్మి అరుస్తాడు, తరుముతాడు. గదిలో ఎవడైనా పారిపోవడం గురించి ఎత్తితే కసురుతాడు. ఒక్కో అంతస్తులో ఎంతమంది కాపలా ఉంటారని కాసియన్ గుచ్చి గుచ్చి అడుగుతూనే ఉంటాడు. కీనో నోరు విప్పడు. తెలియక కాదు. అంకె పాడైపోతుందేమోనని.

తొమ్మిదో ఎపిసోడ్ ఆఖర్లో ఆ అంకె బద్దలవుతుంది. అదే టేబుల్‌లో పనిచేసే ఉలాఫ్ అనే ముసలాయన కుప్పకూలతాడు. ఆయనకి ఇంకొన్ని షిఫ్టులే మిగిలాయి. చూడ్డానికొచ్చిన డాక్టర్ కూడా ఖైదీనే. అసలు సంగతి ఆయన నోటి నుంచే బయటికొస్తుంది. శిక్ష పూర్తయి విడుదలైన ఒకణ్ని పొరపాటున మళ్లీ ఇదే జైల్లో ఇంకో అంతస్తుకి పంపారు. విషయం పాకింది. పాకకుండా ఉండాలని ఆ అంతస్తులో అందరినీ చంపేశారు. అంటే ఇక్కణ్నుంచి ఎవడూ ఇంటికి పోవడం లేదు. అంకె సున్నాకి చేరితే మళ్లీ మొదలు.

కాసియన్ మళ్లీ అడుగుతాడు, కాపలావాళ్లు ఎంతమందని. ఈసారి కీనో చెప్తాడు. పన్నెండు మందికి మించి ఉండరు. ఎపిసోడ్ అక్కడ కట్. మధ్యలో ఏడు రోజులు. ఆ వారమంతా నాకు ఆ పన్నెండే బుర్రలో తిరిగింది.

తెల్లారితే ఒకటే షిఫ్టు

పదో ఎపిసోడ్ మొదలయ్యేసరికి కీనో నడుస్తున్నాడు గానీ మనిషి లేడు. ఇన్నాళ్లూ పట్టుకుని వేలాడిన తాడు తెగిపోయింది కదా. కాసియన్ మాత్రం ఆగడు. రేపు ఉలాఫ్ స్థానంలో కొత్తవాణ్ని లిఫ్టులో దింపుతారు, ఆ ఒక్క అవకాశమే ఉంది, ఇవాళే అందరికీ చెప్పాలంటాడు. వాడి లెక్క సూటిగా ఉంటుంది. అంతమందిని చంపి మరీ నోళ్లు మూయించారంటే, వాళ్లకే భయం పట్టుకుంది.

ప్లాన్ కూడా చేతికందే వస్తువులతోనే. బాత్రూమ్‌లో ఒక పైపుని కాసియన్ రోజూ కొంచెం కొంచెం కోస్తూ ఉంటాడు. అది విరిస్తే గదిలోకి నీళ్లు వస్తాయి. నీళ్లున్న నేలకి కరెంటిస్తే నేలే కాలిపోతుంది. ఇన్నాళ్లూ తమని వణికించిన నేలని నీళ్లతో చంపేస్తారు. కాపలావాళ్ల దగ్గర తుపాకులు, వీళ్ల దగ్గర పానాలు, విడిభాగాలు. కొందరు అక్కడే పడిపోతారు. స్లో మోషన్ లేదు, హీరో ఎంట్రీ లేదు. ఎవడు పోయాడో లెక్కపెట్టే టైమ్ కూడా మనకి ఇవ్వరు.

ఇక మైకు సీను. కంట్రోల్ రూమ్ చేతికొచ్చింది. జైలు మొత్తానికి వినిపించే మైకు ముందు ఎవరు మాట్లాడాలి? మన సినిమాల లెక్కలో హీరోనే మాట్లాడాలి. కాసియన్ పక్కకి తప్పుకుని కీనోని ముందుకి తోస్తాడు. ఎందుకంటే కాసియన్ ఎవడో ఎవరికీ తెలీదు. రోజూ తమని తరిమిన మేస్త్రీ గొంతు మాత్రం వాళ్లకి తెలుసు. ఆ గొంతే ఇప్పుడు పరిగెత్తమంటే, అది బయటికి.

మొదట కీనో తడబడతాడు. పేరు చెప్పి, షిఫ్టు చెప్పి ఆగిపోతాడు. ఇంతేనా అన్నట్టు చూస్తాడు కాసియన్. అప్పుడు మొదలవుతుంది. రాత్రి కాసియన్ తనతో చెప్పిన మాటలే వాడి నోట్లోంచి వస్తాయి, కానీ ఇప్పుడవి వాడి సొంతం. మనం ఐదు వేల మందిమి అంటాడు. పక్కవాడు పడిపోతే లేపమంటాడు. నిన్నటిదాకా పక్క టేబుల్ ఓడిపోతే ఊపిరి పీల్చుకున్న మనుషులతో చెప్తున్న మాట అది. దారి ఒక్కటే అని అరుస్తుంటే, కారిడార్లన్నీ అదే అరుపు అందుకుంటాయి. కాపలావాళ్లు ఒక గదిలో నక్కి, గొంతులు పెగలక నిలబడతారు. నికొలస్ బ్రిటెల్ సంగీతం ఉన్నా, నా చెవుల్లో మిగిలింది ఆ వేల పాదాల చప్పుడే.

వాడికి ముందే తెలుసా?

తర్వాత వెలుతురు. చుట్టూ నీళ్లు. తెల్ల బట్టల్లో జనం చీమల్లా అంచు నుంచి దూకుతున్నారు. కాసియన్ వెనక్కి తిరిగి చూస్తే కీనో ఆగిపోయి ఉంటాడు. ఏమైందంటే, ఈత రాదంటాడు. కాసియన్ ఇంకో మాట అనేలోపే వెనకనుంచి జనం తోసుకొచ్చి వాణ్ని నీళ్లలోకి నెట్టేస్తారు. కీనోని మనం చూడ్డం అదే ఆఖరు. రెండో సీజన్‌లో కూడా రాలేదు.

ఫ్యాన్స్ మధ్య తెగని గొడవ ఇదే. ఈత రాదన్న సంగతి కీనోకి అంచు దాకా వచ్చాక గుర్తొచ్చిందా, మొదటినుంచీ మనసులో ఉందా? నా ఫ్రెండొకడు, ఆ హడావుడిలో ఎవడికి గుర్తుంటుంది బ్రో అంటాడు. నేను ఒప్పుకోను. నీళ్ల మధ్య జైలుకి వచ్చినవాడికి, ఈత రానివాడికి, ఆ నీళ్లు మర్చిపోవడం కుదరదు. తప్పించుకోవడం గురించి ఎవరు ఎత్తినా వాడు అంతలా ఎందుకు కసురుకునేవాడు? బయటికి దారి నీళ్లలోంచేనని, ఆ దారి తనది కాదని వాడికి తెలుసు కాబట్టే, ఆ అంకెని అంత గట్టిగా పట్టుకున్నాడని నా లెక్క. తలుపు తెరిచి పంపిస్తే తప్ప వాడికి వేరే విడుదల లేదు. ఆ విడుదల అబద్ధమని తేలాక మిగిలింది, పక్కవాళ్లని పంపించడమే.

అలా అనుకుని మైకు సీను మళ్లీ చూడండి. అందరికీ ఉన్న ఒకే ఒక్క దారి గురించి, ఆ దారిన పోలేనివాడు గొంతు చించుకుంటున్నాడు. అంచు దగ్గర వాడి ముఖంలో ఏడుపు లేదు, నన్ను తీసుకెళ్లమని అడగడం లేదు. అడిగారు కాబట్టి చెప్పాడంతే.

ఇదే ఎపిసోడ్‌లో ఇంకో మనిషి ఉన్నాడు, లూథెన్. స్టెలన్ స్కార్స్‌గార్డ్ చేశారు. తిరుగుబాటుని తెరవెనక నడిపేవాడు. నువ్వేం త్యాగం చేశావని తన గూఢచారి నిలదీస్తే, తను చూడలేని తెల్లవారు కోసం బతుకంతా కాల్చుకుంటున్నానని చాలాసేపు చెప్తాడు. అందరూ స్టేటస్‌లు పెట్టుకున్నది ఆ స్పీచే. నాకూ ఇష్టమే. కానీ లూథెన్‌కి చెప్పుకోవడానికి మాటలున్నాయి, వినేవాడున్నాడు. కీనో అదే త్యాగాన్ని మూడు ముక్కల్లో చెప్పాడు, అదీ పూర్తిగా వినేవాడు లేకుండా.

బిగించింది ఏంటంటే

ఒక్క సంగతి మిగిలింది. పన్నెండో ఎపిసోడ్ అయిపోయాక టైటిల్స్ మధ్యలో ఆపేసినవాళ్లు చాలామంది ఉంటారు. ఆపకండి, చివరిదాకా ఉండండి. ఆ టేబుళ్ల మీద బిగించిన విడిభాగాలు ఎక్కడికి వెళ్లాయో అక్కడ చూపిస్తారు. అవి గ్రహాల్ని పేల్చే డెత్ స్టార్‌లో ముక్కలు. 'రోగ్ వన్'లో కాసియన్‌ని చంపేది ఆ డెత్ స్టారే. టార్గెట్ కొట్టి, షాక్ తప్పించుకుని, రుచి కోసం పోటీపడి వాడు బిగించింది తన చావునే.

అందుకే కీనోని రెండో సీజన్‌లో వెనక్కి తేకపోవడం నాకు నచ్చింది. ఎక్కడో పడవ దొరికిందనో, ఎవరో లాగారనో చూపించి ఉంటే మనకి హాయిగా ఉండేది. దాంతో ఆ మైకు ముందు గొంతు బరువు తగ్గిపోయేది. కాసియన్‌కి తిరుగుబాటంటే ఏంటో నేర్పింది లూథెన్ కాదు, సిద్ధాంతాలు కాదు. అరిచి అరిచి పని చేయించుకున్న ఒక మేస్త్రీ, అంకె అబద్ధమని తెలిసిన మర్నాడు చేసిన పని. ఆ ఒడ్డునుంచి ఈదిన ప్రతివాడి వెనకా వాడున్నాడు.

మీరేమంటారు? కీనోకి ముందే తెలుసా, లేదా? ఒకసారి మైకు సీను మళ్లీ చూసి, వాడి కళ్ల మీదే దృష్టి పెట్టి, అప్పుడు చెప్పండి.